తాళం వేసిన సిలిండరు

తోడల్లుళ్ళిద్దరికీ పడదని చుట్టాలందరికీ తెలుసు. ఎందుకు పడదో మాత్రం, వాళ్ళిద్దరితో సహా, ఎవరికీ తెలియదు. పెద్దల్లుడికి మందుల షాపు ఉంది. చిన్నల్లుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఒకాయన మంచినీళ్ళ గ్లాసును కూడా వెలుతురుకు ఎత్తి చూసి గానీ తాగడు. రెండో ఆయన కళ్ళు మూసుకుని గేర్లు మార్చగలనని పదిమందిలో చెప్పుకుంటాడు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమనడం మొదటి నుంచీ ఉన్నదే. పెద్దల్లుడు మామూలుగా తోడల్లుణ్ణి 'నువ్వు' అనేవాడు, ఒళ్ళు మండితే 'మీరు' అనేవాడు. కొన్నేళ్ళుగా ఆయన నోట 'మీరు' తప్ప మరో మాట రావడం లేదు.

అలాంటి వాళ్ళిద్దరూ కలిసి పడవ కొన్నారంటే అది అక్కచెల్లెళ్ళ పుణ్యమే. వాళ్ళు నీటి ఒడ్డున పుట్టి పెరిగిన ఆడపిల్లలు. నడక కంటే ముందు ఈత వచ్చిందని వాళ్ళమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఊరి చివర పెద్ద సరస్సులో సెలవురోజున పడవలు తిరుగుతుంటే ఇద్దరి ప్రాణాలూ అటే లాగేవి. పైగా చెల్లెలికి ఒక ఉపాయం తోచింది. పడవలో కూర్చున్నాక అలిగి లేచిపోవడానికి చోటుండదు, చచ్చినట్టు మాట్లాడుకుంటారు అని. ఉపాయం సగం పారింది. మాట్లాడుకున్నారు. ఆ మాటలు అవతలి ఒడ్డు దాకా వినిపించేవి.

పడవ కొత్తదేమీ కాదు. తెల్లరంగు వేసినది. ముందు భాగంలో ఇద్దరు నడుం వంచి కూర్చునేంత గది, మధ్యలో స్టీరింగు, దాని పక్కన బల్లల్లాంటి సీట్లు, వెనక ఒక పెట్టెలో పెట్రోలు ఇంజను. పెట్టె మూత మీద మెత్త పరిస్తే అదే ఇంకో సీటు. నీళ్ళలోకి దించిన మొదటి రోజే, పడవ అడుగున నీళ్ళు వదిలే బిరడా బిగించడం చిన్నల్లుడు మర్చిపోయాడు. ఒడ్డు దాటి నాలుగు బారలు పోయారో లేదో, అందరి చెప్పులూ తేలి ముందు గదిలోకి ప్రయాణం కట్టాయి. కారు నడపడానికి బిరడాలు అక్కర్లేదు కదా అని ఆయన నవ్వాడు. పెద్దల్లుడు నవ్వలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బకెట్టుతో తోడుతూ, ఈ మనిషి చేతిలో నా పెళ్ళాం ప్రాణం పెట్టాను అనుకున్నాడు.

మరుసటి వారం ఆయన షాపు నుంచి తెల్లటి చీటీలు తెచ్చాడు, మందు సీసాల మీద అంటించేవి. పడవలో ప్రతి మీట దగ్గరా, ప్రతి మూత దగ్గరా ఒకటి అంటించాడు. 'ముందు బిరడా.' 'పెట్రోలు పోసేటప్పుడు అందరూ దిగాలి.' 'ముందు ఫ్యాను, తర్వాత తాళంచెవి.' ఈ చివరిది అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశాడు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, పడవ అడుగున పిల్లిలా నక్కి కూర్చుంటుంది, ఫ్యాను వేసి దాన్ని బయటికి తోలాకే ఇంజను స్టార్టు చేయాలి అని నలుగురికీ పాఠం చెప్పాడు. ఆ తర్వాతి సెలవుకు వచ్చి చూస్తే, ప్రతి చీటీ కింద చిన్నల్లుడి చేతిరాత ఉంది: 'రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత.' అక్కచెల్లెళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. పెద్దల్లుడు ఒక్కొక్క చీటీ గోటితో గీకి తీసేసి, మళ్ళీ కొత్తవి అంటించాడు.

అప్పటి నుంచి ఇద్దరూ ఎదుటివాడి తప్పు కోసం కాచుకుని కూర్చున్నారు. పడవ అన్నాక తప్పులకు కరువా? చిన్నల్లుడు ఒకసారి సరస్సు మధ్యలో లంగరు ఎత్తి ఠీవిగా విసిరాడు. తాడు రెండో కొస పడవకు కట్టలేదు. లంగరూ తాడూ కలిసి గంగపాలయ్యాయి. పెద్దల్లుడు ఆ సంగతి ఆర్నెల్లు షాపుకొచ్చిన వాళ్ళందరికీ మందులతోపాటు పంచిపెట్టాడు. ఆయన వంతూ వచ్చింది. రేవులోకి పడవ తిప్పుతుంటే వెనక వేలాడే తాడు నీళ్ళలోకి జారి, ఇంజను రెక్కలకు జడలా చుట్టుకుపోయింది. పొద్దున్న వెళ్ళిన వాళ్ళు మధ్యాహ్నం దాకా ఎండలో తేలుతూ ఉండిపోయారు. పెద్దల్లుడు చొక్కా విప్పి, వెనక వేలాడుతూ, వంటింటి కత్తితో తాడు కోస్తుంటే చిన్నల్లుడు ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఆ ఫొటోలో ముఖం కనపడదు. కనపడే భాగాన్ని బట్టి అందరూ ఆయన్ని గుర్తుపట్టారు.

ఇదంతా ఒక ఎత్తు, మంటలార్పే సిలిండరు సంగతి ఒక ఎత్తు. పడవలో ఒక ఎర్రటి సిలిండరు ఉండేది. ఒకరోజు చిన్నల్లుడు స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్ళి, ఇది నిజంగా పనిచేస్తుందా అని ఎవరో పందెం కాస్తే పిన్ను లాగి నొక్కాడు. పనిచేసింది. మెత్తలూ, స్టీరింగూ, ముందు గదీ పిండిమరలా తెల్లబడ్డాయి. పెద్దల్లుడు వచ్చి చూసి, కొత్త సిలిండరు కొనుక్కొచ్చాడు. ఎడమ పక్క సీటు కింద అరలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి తన గుత్తిలో వేసుకున్నాడు.

తాళం వేసిన సిలిండరు ఎందుకు పనికొస్తుందని భార్య అడిగింది.

"ఆయన చేతికి అందదు. దానికి పనికొస్తుంది," అన్నాడు.

అత్తగారికి మోకాలు ఆపరేషనయి, ఇక నెమ్మదిగా తిరగొచ్చని డాక్టరు చెప్పాక, ఆమె కోరిన మొదటి కోరిక పడవెక్కాలని. గాలి చల్లగా ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం అయిదుగురూ రేవుకు చేరారు. ఆమెను పడవలోకి దించడం ఒక యజ్ఞమే అయింది. ఒక కూతురు చెయ్యి పట్టి, ఇంకో కూతురు నడుం పట్టి, అల్లుళ్ళిద్దరూ చెరో వైపు నుంచి "ఇటు కాదు, అటు" అని అరుస్తూ, చివరికి ఆమెను ముందు గది పక్క సీటులో కూర్చోబెట్టారు. లైఫ్ జాకెట్ వేసుకోనని ఆమె మొరాయించింది. పెద్దల్లుడు వినలేదు. తనే మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలు బిగించాడు. తనూ వేసుకున్నాడు. అక్కచెల్లెళ్ళూ వేసుకున్నారు. చిన్నల్లుడు మాత్రం, అది వేసుకుంటే గాలి నింపిన కోడిపుంజులా ఉంటానని పక్కన పడేశాడు.

పెట్రోలు తక్కువుందని అప్పుడు తెలిసింది. పడవను రేవులోనే ఉన్న పంపు దగ్గరికి చేర్చారు. పెట్రోలు పోసేటప్పుడు అందరూ దిగాలని పెద్దల్లుడు అన్నాడు. నన్ను మళ్ళీ దింపి మళ్ళీ ఎక్కిస్తావా నాయనా, అంతకంటే ఇక్కడే తోసెయ్యి అంది అత్తగారు. పెద్దల్లుడు జాకెట్టు తీసి, కోటు విప్పి, పెట్రోలు వాసన అంటకుండా మడిచి, రేవు మెట్ల పైన ఆగి ఉన్న తన కారులో పెట్టి వచ్చి, జాకెట్టు మళ్ళీ తగిలించుకున్నాడు. పెట్రోలు పోసి మూత బిగించాడు. చిన్నల్లుడు తాళ్ళు విప్పి, ముందు భాగంలో నిలబడి, వెదురుగడతో పడవను రేవు నుంచి నెట్టాడు. పడవ నెమ్మదిగా తేలుతూ లోపలికి సాగింది.

పెద్దల్లుడి చెయ్యి ఫ్యాను మీట మీదికి వెళ్ళింది.

"అత్తయ్యా, ఇక మీరు ఒక కునుకు తీయండి," అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్యగారు ఇప్పుడు ఫ్యాను వేసి, వాసన చూసి, నాడి చూసి, నాలిక చూసి, ఆ తర్వాత ఇంజనుకు మందు రాస్తారు. మనం బయల్దేరేసరికి మీ రెండో మోకాలుకీ ఆపరేషను అవుతుంది."

అత్తగారు నవ్వింది. మరదలు నవ్వింది. అంతవరకూ అయితే ఆయన ఓర్చుకునేవాడే. కానీ పక్క సీట్లోంచి తన భార్య నవ్వు కూడా వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. ఆయన చెవులు వేడెక్కాయి. మీట మీది చెయ్యి తీసేశాడు. సరే, చూడండి అన్నట్టు తాళంచెవి తిప్పాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరో బరువైన పరుపును మేడ మీద నుంచి కింద పడేసినట్టు ధబ్బుమంది. ఇంజను పెట్టె మూత ఒక పక్కకి లేచి మళ్ళీ వంకరగా పడింది. ఆ సందులోంచి నీలంగా, తర్వాత పసుపుగా మంట నాలుక చాచింది. పెట్రోలు వచ్చే గొట్టం ఎప్పుడో బీటలు వారిందని తర్వాత తేలింది. ఫ్యాను వేసి వాసన చూసి ఉంటే అప్పుడే తెలిసేది. స్టీరింగు దగ్గరున్న పెద్దల్లుడి కుడి మోచేతి కింద చర్మం చురుక్కుమంది. నొప్పి ఇంకా తెలియలేదు.

"సిలిండరు!" అని చిన్నల్లుడు అరిచాడు. "చెవి ఏదీ?"

చెవి గుత్తిలో ఉంది. గుత్తి కోటు జేబులో ఉంది. కోటు కారులో ఉంది. పెద్దల్లుడు ఒడ్డు వైపు చూసిన చూపులోనే జవాబు దొరికింది. చిన్నల్లుడు ఒక బూతుమాట అని, తర్వాత కొన్న కొత్త లంగరు ఎత్తి సీటు చెక్క మీద బాదడం మొదలుపెట్టాడు. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో చెక్క చీలింది. సిలిండరు లాగి, పిన్ను తీసి, ఇంజను పెట్టె మూత ఎత్తబోయాడు.

పెద్దల్లుడు వెనక నుంచి ఆయన కాలరు పట్టుకున్నాడు. "మూత ఎత్తకండి. గాలి తగిలితే మొత్తం లేస్తుంది. ఆ సందులోంచి కొట్టండి."

"తాళం వేసినవాడివి నువ్వు నాకు చెబుతావా?"

ఇన్నేళ్ళలో చిన్నల్లుడు ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. పెద్దల్లుడు సిలిండరు కోసం చెయ్యి చాపాడు. చిన్నల్లుడు వదల్లేదు. పెళ్ళిళ్ళలో పలకరింపుగా కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని ఇద్దరు మనుషులు, మండుతున్న పడవలో ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడారు. ఎవరి వేలు నొక్కిందో ఎవరికీ తెలియదు. తెల్లటి పొడి బుస్సున లేచి ఇద్దరి ముఖాల మీదా, ఆకాశంలోకీ పోయింది. మంట మీద చిటికెడు కూడా పడలేదు.

ఈలోగా అక్కచెల్లెళ్ళు తల్లిని చెరో రెక్క పట్టుకుని ముందు వైపు నుంచి నీళ్ళలోకి దిగిపోయారు. జాకెట్టు ఆమెను బిరడాలా తేల్చింది. కూతుళ్ళిద్దరూ ఆమెను రేవు వైపు లాక్కుపోతుంటే, ఆమె వెనక్కి తిరిగి, ఆ కొట్టుకునేదేదో నీళ్ళలోకి దిగి కొట్టుకోండిరా అని కేకేసింది.

మంట అప్పటికే మెత్తల మీదికి పాకింది. పెద్దల్లుడు ముందు భాగానికి పరుగెత్తి దూకబోతూ చూస్తే, చిన్నల్లుడు పడవ అంచు కమ్మీని కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు.

"దూకండి."

"నాకు రాదు."

"ఏం రాదు?"

"ఈత."

ఆ నోట 'రాదు' అన్న మాట పెద్దల్లుడు ఎన్నడూ వినలేదు. పడవ కొన్నప్పటి నుంచీ అక్కచెల్లెళ్ళు నీళ్ళలోకి రమ్మంటే నీళ్ళు చల్లగా ఉన్నాయనీ, ఇప్పుడే తిన్నాననీ చెప్పి తప్పించుకోవడం గుర్తొచ్చింది. మరోరోజైతే ఆ ఒక్క మాటతో ఆయన ఏడాది పాటు పండగ చేసుకునేవాడు. ఇప్పుడు వీపు కాలుతోంది. ఆయన తోడల్లుడి చేతులు కమ్మీ నుంచి ఊడబెరికి, నడుం పట్టుకుని, ఇద్దరూ కలిసి పడేట్టు తోశాడు.

నీళ్ళలో చిన్నల్లుడు ఆయన మెడకు చుట్టుకుపోయాడు. జాకెట్టు ఒకటి, మనుషులు ఇద్దరు. ఆయన ముక్కు దాకా మునిగి, ఉక్కిరిబిక్కిరై తేలాడు.

"మెడ వదలండి. వదలకపోతే ఇద్దరం మునుగుతాం."

"వదిలితే నువ్వు నన్ను వదిలేస్తావు."

"నాకూ అలాగే అనిపిస్తోంది. అయినా వదలండి. జాకెట్టు పట్టీ పట్టుకోండి."

చిన్నల్లుడు వదిలాడు. పట్టీ పట్టుకున్నాడు. పెద్దల్లుడు కాలిన చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ, ఒక్కొక్క బారా వేసినప్పుడల్లా పళ్ళ బిగువున తోడల్లుణ్ణి తిడుతూ ఈదాడు. వెనక నుంచి ఆయన కూడా, నోట్లో నీళ్ళు ఉమ్మేసినప్పుడల్లా, ఈయన్ని తిట్టాడు. పంపు దగ్గర మనిషి తెడ్ల పడవ వేసుకుని ఎదురొచ్చి ఇద్దర్నీ పైకి లాగేసరికి, వాళ్ళ పడవ వెనక భాగం కూలిపోయి, నల్లటి పొగ సరస్సు మీద పందిరి వేసింది.

రేవు ఆఫీసు గదిలో అందరికీ దుప్పట్లు కప్పి టీ ఇచ్చారు. అత్తగారికి ఏమీ కాలేదు, మోకాలు కూడా బాగానే ఉంది. పెద్దల్లుడి చేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. చిన్నల్లుడి కనుబొమలు కాలిపోయి, ముఖం ఉడకబెట్టిన గుడ్డులా ఉంది. అగ్నిమాపక శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటే అడిగింది. పెట్రోలు ఎవరు పోశారు? ఇంజను ఎవరు స్టార్టు చేశారు? స్టార్టు చేసే ముందు ఫ్యాను వేశారా?

అక్కచెల్లెళ్ళకు ఆ సంగతి తెలియదు. అప్పుడు వాళ్ళు నవ్వుతూ ఉన్నారు, చూడలేదు. చూసింది ఒక్కడే.

"వేశారు," అన్నాడు చిన్నల్లుడు. "నేను చూశాను. మా అన్నయ్యగారు ఫ్యాను వేయకుండా తాళం తిప్పే మనిషి కాదు."

అంటూ ఆయన పెద్దల్లుడి వైపు చూశాడు. ఆ చూపులో దయ మచ్చుకైనా లేదు. నీళ్ళలో నన్ను లాక్కొచ్చావు, ఇదిగో చెల్లు, పైగా ఇది నా గుప్పిట్లో ఉంటుంది అన్నట్టు ఉంది. ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి భోజనాల బల్ల దగ్గరా, ఆ కనుబొమలు లేని ముఖం ఎదురుగా కూర్చుని ఇలాగే చూస్తుందని పెద్దల్లుడికి అర్థమైంది. అధికారిణికి భయపడి కాదు, ధర్మానికి కట్టుబడీ కాదు, ఆ చూపు కింద బతకలేక అన్నాడు:

"వేయలేదు. వేయాలని తెలుసు. వేయలేదు."

మరదలి చేతిలో టీ కప్పు ఆగిపోయింది. అధికారిణి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సరే, సిలిండరు అరకు తాళం ఎందుకు వేశారని అడిగింది. దొంగల భయమా అంది. పెద్దల్లుడు నోరు తెరిచేలోపు ఆయన భార్య జవాబిచ్చింది.

"దొంగల భయం కాదండీ. తోడల్లుడి భయం."

బయట మెట్ల మీద చిన్నల్లుడు ఆయన్ని ఆపాడు.

"సాయం చేస్తే కూడా ఒంటికి పట్టదా మీకు?"

"మీ సాయం కింద నేను బతకలేను."

"నీళ్ళలో మీ సాయం కింద నేను బతికాను కదా. నాకెలా ఉందనుకుంటున్నారు?"

చిన్నల్లుడు ఉమ్మేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ జరగాల్సినట్టే జరిగాయి. కాలిన పడవను ఒడ్డుకు లాగి, తుక్కుకు తోలేశారు. శిక్షణ పూర్తిచేసేదాకా ఆ సరస్సులో పడవ స్టీరింగు ముట్టుకోవద్దని తోడల్లుళ్ళిద్దరికీ చెప్పారు. అత్తగారు ఇకమీదట అల్లుళ్ళను వేరు వేరు రోజుల్లో భోజనానికి పిలుస్తానని ప్రకటించింది. మరదలు బావగారితో మాట్లాడటం మానేసింది. చుట్టాలు రెండు జట్లుగా చీలారు: ఎగతాళి చేసి ఫ్యాను మాన్పించిన చిన్నల్లుడిదే తప్పనే ఫ్యాను వాళ్ళు, సిలిండరుకు తాళం వేసిన పెద్దల్లుడిదే తప్పనే తాళం వాళ్ళు.

ఇంట్లో మాత్రం పెద్దల్లుడి భార్య చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు ఆయన చేతికి కట్టు మారుస్తూ, తల ఎత్తకుండా, నెమ్మదిగా అంది:

"ఫ్యాను వేయలేదంటే, మేం నవ్వాం, మీకు ఉక్రోషం వచ్చింది, మనిషన్నాక వస్తుంది అనుకుంటాను. తాళం ఉక్రోషంలో వేసింది కాదు కదా. ఆలోచించి వేశారు. రోజూ జేబులో పెట్టుకు తిరిగారు. మా అమ్మా, నా చెల్లెలూ ఆ పడవలోనే ఉంటారని మీకు ఒక్కరోజూ తట్టలేదా?"

తట్టలేదని ఆయన అన్నాడు. నిజమే. ఆ తాళం ముందు నిలబడ్డప్పుడు ఆయనకు ఒక్క ముఖమే కనిపించేది. ఆమె కట్టు ముడి వేసి లేచిపోయింది. ఆ ముడి కాస్త బిగుతుగానే వేసింది.

గాయం మానింది గానీ మోచెయ్యి బిగుసుకుపోయింది. రోజూ కాసేపు ఈదితే చర్మం సాగుతుందని డాక్టరు చెప్పాడు. ఊళ్ళో ఈతకొలనుకు ఉదయాన్నే వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ వేళప్పుడు ముసలివాళ్ళూ, నడుం నొప్పుల వాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. ఒకరోజు తువ్వాలు గోడకు తగిలించి తిరిగి చూస్తే, నడుం లోతు నీళ్ళు ఉన్న చివర ఒక మనిషి రెండు చేతులా గట్టు పట్టుకుని, తల బిగించి పైకెత్తి, కాళ్ళతో నీళ్ళు బాదుతున్నాడు. నీళ్ళు చిమ్మడమే గానీ మనిషి అంగుళం కదలడం లేదు. తలకు రబ్బరు టోపీ ఉంది. ఒంటికి, ఉన్నవాటన్నిటిలోకీ లావుపాటి జాకెట్టు ఉంది. కనుబొమలు సగం మొలిచాయి.

చిన్నల్లుడు ఆయన్ని చూశాడు. కాళ్ళు ఆగిపోయాయి.

"ఇంట్లో చెబుతారా?" అన్నాడు చిన్నల్లుడు.

"నాకింకేం పని లేదా?"

"మీకు ఎప్పుడుంది గనక."

పెద్దల్లుడు పళ్ళు నూరాడు. ఈ టోపీ సంగతి ఒక్కటి బయటపెడితే చాలు, తాళం వాళ్ళ జట్టు మొత్తం నోళ్ళు మూతపడతాయి. ఆ ముక్క నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన దాన్ని మింగి, అవతలి కొసకు నడిచి, నీళ్ళలోకి దిగాడు. నాలుగు బారలు వేశాడో లేదో వెనక నుంచి గొంతు వినపడింది.

"మీ కుడిచెయ్యి వంకరగా పోతోంది."

"మీ పని మీరు చూసుకోండి," అని ఆయన తిరిగి చూడకుండా అన్నాడు. తర్వాతి బారకు చెయ్యి కొంచెం సరిచేసుకున్నాడు. అవతలి చివర కాళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.